దినారు, దేనారము

కొత్తమ్మాయి వచ్చిన మొదటి నెల, జీతాల రోజు రాత్రి నాకు నిద్రపట్టలేదు. మా ఇంటికి వచ్చింది అంటున్నాను గానీ అది నా సొంతిల్లు కాదు, కువైట్‌లో నేను పనిచేసే ఇల్లు. 2009లో వచ్చాను, మొదటి ఇంట్లో రెండేళ్లు, ఆ తర్వాత నుంచి ఈ ఇంట్లోనే, అందుకే మా ఇల్లనే వస్తుంది నోటికి. జనవరిలో ఆ అమ్మాయి వచ్చింది, కడప జిల్లా పిల్ల, ముస్లిం. నెలాఖరున మామా, అంటే ఇంటి యజమానురాలు, ఇద్దరికీ చెరొక కవరు ఇచ్చింది. గదిలోకి వెళ్లాక ఆ పిల్ల నా ముందే లెక్కపెట్టుకుంది. నూట ఇరవై. నా కవర్లోనూ నూట ఇరవయ్యే.

నేను నలభై దినార్లకు వచ్చినదాన్ని. మా ఆయన పోయిన రెండేళ్లకు, ఇద్దరు పిల్లల్ని అమ్మ దగ్గర వదిలి వచ్చాను. ముప్పై నిండితేనే ఆడవాళ్లను ఖాదిమా పనికి, అంటే ఇంటిపనికి, పంపే రూలు ఉండబట్టి ముప్పై ఒకటో ఏట వచ్చాను, లేకపోతే ఇంకా ముందే వచ్చేదాన్నేమో. అప్పుడు దినారుకు నూట అరవై చిల్లర వచ్చేది, అంటే నెలకు ఆరున్నర వేలు, అందులోనే ఏజెంటు అప్పు, వడ్డీ. నలభై యాభై అయ్యింది, అరవై అయ్యింది, ఎనభై అయ్యింది. 2020 మే నెలలో మూడు వారాలు పూర్తి కర్ఫ్యూ పెట్టినప్పుడు ఇంటిల్లిపాదీ ఇరవై నాలుగ్గంటలూ ఇంట్లోనే ఉండి మూడు పూటలు కాదు ఆరు పూటలు తిన్నారు, ఆ తర్వాత వంద అయ్యింది. పెరిగిన ప్రతి పది దినార్లు ఎందుకు పెరిగాయో, ఎన్ని నెలలు ఆగి అడిగితే పెరిగాయో నాకు కంఠతా వచ్చు. ఆ పిల్లకు మాత్రం మొదటి నెలలోనే నూట ఇరవై.

రెండు రోజులు నాలో నేనే ఉడికిపోయి మూడో రోజు అడిగేశాను. మచ్బూస్‌లోకి, అంటే ఇక్కడి మాంసం అన్నంలోకి, ఎండు నల్ల నిమ్మకాయలకు కత్తి మొనతో చిల్లులు పెడుతున్నాను, మామా ఫ్రిజ్ దగ్గర నిలబడి ఉంది. నాకు ఇన్నేళ్లు పట్టింది, ఆ అమ్మాయికి నెలలోనే ఎలా ఇచ్చారు అన్నాను. ఆమె కోప్పడలేదు. "నీ జీతంలో నేనేమైనా తగ్గించానా?" అంది. అని మంచినీళ్ల సీసా తీసుకుని వెళ్లిపోయింది.

ఆ మాట ఎక్కడో విన్నాను. చేతిలో నిమ్మకాయ అలాగే ఉంది, ఎక్కడ విన్నానా అని ఆలోచిస్తున్నాను. చిన్నప్పుడు నరసాపురం దగ్గర మా ఊరి సండే స్కూల్లో విన్నాను. యేసు చెప్పిన ద్రాక్షతోట యజమాని కథ, మత్తయి సువార్త ఇరవయ్యో అధ్యాయం. పొద్దున్నే వచ్చినవాళ్లకీ, సాయంత్రం ఐదింటికి వచ్చినవాళ్లకీ ఒకటే కూలి ఇస్తాడు. పొద్దున్నుంచి ఎండలో చేసినవాళ్లు సణుగుతారు. నీకు నేను అన్యాయం చేయలేదే అంటాడు యజమాని. మన తెలుగు బైబిల్లో ఆ కూలి ఎంతంటే రోజుకు ఒక దేనారము. మేము ఇక్కడ నెలనెలా లెక్కపెట్టుకునే దినారు అనే పేరు కూడా ఆ పాత రోము నాణెం పేరు నుంచి వచ్చిందే. ఇన్నేళ్లూ దినార్లు లెక్కపెడుతూ ఆ కథ నా గురించి అని తోచలేదు నాకు. చిన్నప్పుడు విన్నప్పుడు నేనెప్పుడూ సాయంత్రం వచ్చినవాళ్ల పక్షానే ఉండేదాన్ని, పాపం అనిపించేది. పొద్దున్నే వచ్చి సణిగిన మనిషి నేనే అవుతానని ఎవరనుకుంటారు? ఆ కథలో యజమాని చివర్లో అడిగే మాటకు మన బైబిల్లో పెట్టిన పదం "కడుపుమంట". సరిగ్గా ఆ రెండు రోజులూ నాకున్నది అదే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మామా దేవుడు కాదు, నేను చెప్పేది జీతం గురించి అయితే పద్ధతి వేరు. జీతం కృప కాదు, హక్కు. 2015లో కువైట్‌లో ఇంటిపనివాళ్లకు చట్టం వచ్చింది, వారానికి ఒక రోజు సెలవు అని ఉంది, రోజుకు పన్నెండు గంటలకు మించి చేయించకూడదని ఉంది, ఆ తర్వాతి ఏడాది కనీస జీతం అరవై దినార్లని పెట్టారు. ఆ కొత్తమ్మాయికి అంతకుముందు పనిచేసిన ఇంట్లో ఐదు నెలల జీతం ఇవ్వలేదు. ఆమెకు ఎవరైనా వచ్చి ఓర్చుకో తల్లీ, కృప గల దేవుడున్నాడు అని చెప్తే నేను ఒప్పుకోను. కూలివాళ్ల దగ్గర పట్టి ఉంచిన కూలి మొరపెడుతుందని బైబిల్లో యాకోబు రాసిన పత్రికలోనే ఉంది. ఆ పిల్ల కష్టం సంగతి ఒక రాత్రి తనే చెప్పింది, చెబుతూ మధ్యలో ఆగి గోడ వైపు తిరిగి పడుకుంది. అప్పటికి నేను ఆమెతో సరిగా మాట్లాడి కూడా ఇరవై రోజులు అయ్యింది.

తర్వాత రంజాన్ వచ్చింది. రంజాన్ అంటే ఇక్కడ వంటింటి మనిషికి నెలంతా పెళ్లి వంటే. ఆ పిల్ల ఉపవాసం ఉండి కూడా రోజూ వందకు తక్కువ కాకుండా సంబూసాలు, అంటే సమోసాలు, చుట్టేది, నాలుక మీద చుక్క నీళ్లు లేకుండా. ఉప్పు చూసే పని నాది. "అక్కా, సరిపోయిందా?" అని గిన్నె నా ముందుకు జరిపేది, నేను కూర చూసి చెప్పేదాన్ని, ఇంకా కొంచెం వెయ్యి అని. మొదట్లో ముభావంగా చెప్పేదాన్ని. సాయంత్రం ఉపవాసం విడిచే మగ్రిబ్ అజాన్ వినపడగానే ఖర్జూరం నోట్లో పెట్టుకునే ముందు నాకొకటి ఇచ్చేది, నేను ఉపవాసం లేను కదా అంటే నవ్వేది.

ఆ నెలలోనే ఒక శుక్రవారం తెల్లవారుజామున నన్ను లేపింది. లే అక్కా, చర్చికి వెళ్లు, పొద్దున పని నేను చూసుకుంటాను అంది. అంతకుముందు ఇంట్లో నేనొక్కదాన్నే కాబట్టి నెలకు ఒక శుక్రవారం దొరికితే గొప్ప. చట్టం వేరు, ఇంట్లో జరిగేది వేరు. ఇప్పుడు ఇద్దరం కాబట్టి శుక్రవారాలు నావి, ఆదివారం సాయంత్రాలు ఆమెవి అని మాలో మేమే అనుకుని మామాను ఒప్పించాం. కువైట్ సిటీలోని మాలియాకు బస్సెక్కి కూర్చున్నాక ఆలోచించాను. నేను ఎవరి రాకకు కడుపు మండిపోయానో, ఆ మనిషి వచ్చినందుకే నాకు ఇన్నేళ్ల తర్వాత వారం వారం ఆరాధన దొరికింది. బస్సులో ఏడుపొచ్చింది, కళ్లకు చున్నీ అడ్డం పెట్టుకున్నాను.

మేము వెళ్లే చర్చి కాంపౌండు సముద్రం రోడ్డు దగ్గర, ఖిబ్లాలో ఉంది. అక్కడి పాత చర్చి 1931 నాటిది, అమెరికన్ మిషన్ వాళ్లు కట్టింది. ఆ మిషన్ వాళ్ల ఆస్పత్రి ఆ పక్కనే నడిచేది, 1967లో మూసేశారు, ఆ భవనాలు ఇప్పుడు అమ్రికానీ అనే సాంస్కృతిక కేంద్రం. ఒకే కాంపౌండులో మలయాళం వాళ్లు, తమిళులు, ఫిలిప్పీన్స్ వాళ్లు, ఇథియోపియా వాళ్లు, మేము, అందరం గంటలు పంచుకుని ఆరాధన చేసుకుంటాం, మా ప్రార్థన మధ్యలో పక్క హాలు డ్రమ్ములు వినపడుతుంటాయి. మా నరసాపురానికి 1830ల్లో ఇంగ్లండు నుంచి మిషనరీలు వచ్చారు, అప్పటి నుంచి మా సంఘాల్లో ప్రతి ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసును తలుచుకుని రొట్టె విరిచి పంచుకోవడం, ఉంటుంది, రొట్టె విరవకుండా ఆదివారం గడవదు. ఇక్కడ ఆదివారం పనిరోజు కాబట్టి మా రొట్టె శుక్రవారానికి మారింది.

ఆ రొట్టె దగ్గరే నాకు చిక్కొచ్చింది. మూడేళ్లుగా రొట్టె పళ్లెం నా దగ్గరికి వస్తే తీసుకోకుండా పక్కామెకు అందించేస్తున్నాను. ఎప్పుడో ఒకసారి వెళ్లేదాన్ని కాబట్టి ఎవరూ గమనించలేదు. వారం వారం వెళ్లేసరికి ఒక పెద్దామె చూసింది, ఏమీ అడగలేదు, నా మోకాలి మీద చెయ్యి వేసి తీసేసింది అంతే.

కారణం మా తమ్ముడు. వాడి మీద కోపం పెట్టుకుని ఆ రొట్టె తీసుకోబుద్ధి కాలేదు. ఇంటి స్లాబు కోసం నేను పంపిన ఐదు లక్షలు వాడు నన్ను అడక్కుండా రొయ్యల చెరువు లీజులో పెట్టాడు. వనామి రొయ్య వేశాడు, రెండో నెలలో వైట్ స్పాట్ తెగులు వచ్చింది, చెరువంతా పోయింది. ఇల్లు లింటల్ దగ్గర ఆగిపోయింది, పైకి తేలిన ఇనుప ఊచలు తుప్పుపట్టిపోతున్నాయి. వాడు అమ్మ చేత చెప్పించాడు, నాకు తనంతట తాను చెప్పలేదు. అప్పటి నుంచి వాడితో మాట లేదు. డబ్బు పంపిన ప్రతి రసీదు ఒక నోట్‌బుక్కులో అంటించి పక్కన రూపాయల్లో రాసుకున్నాను, ఎప్పటికైనా వాడి ముందు పెట్టాలని.

ఆ శుక్రవారం సాయంత్రం తిరిగొచ్చి పెట్టె తీసి ఆ పుస్తకం ముందేసుకున్నాను. అన్నీ ఉన్నాయి, తేదీలు, దినార్లు, ఆ రోజు రేటు. లేనివి కూడా కనపడ్డాయి. నా కూతురిని ఒకటో తరగతి నుంచి పదో తరగతి వరకు సైకిల్ మీద స్కూలుకు దింపింది వాడు. బాబుకు డెంగీ వచ్చినప్పుడు భీమవరం ఆస్పత్రిలో తొమ్మిది రాత్రులు బెంచీ మీద పడుకున్నది వాడు. వాటికి నేను ఒక్క పేజీ పెట్టలేదు, పెట్టాలని తోచనైనా లేదు. వాడు చేసింది తప్పే, ఇప్పటికీ తప్పే అంటాను. కానీ ఐదింటికి వచ్చినవాడికి కూడా దేనారము ఇచ్చిన యజమాని బల్ల దగ్గర కూర్చుంటూ, తమ్ముడికి మాత్రం పైసాతో లెక్క చెప్పమంటే ఎలా? పోనీ దేవుడు నాకు లెక్క కట్టి ఇచ్చాడా? ఈ పదిహేనేళ్లలో ఇద్దరు పిల్లల్నీ తల్లి లేకుండా బతికించినందుకు నేనేం కట్టాను?

ఫోన్ చెయ్యడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. పండగ వెళ్లాక ఒక మధ్యాహ్నం చేశాను. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తి ఏమీ మాట్లాడలేదు, వెనకాల ఏరేటర్ల చప్పుడు వినపడుతోంది.

"ఒరేయ్, చెరువు దగ్గరున్నావా?" అన్నాను.

"వేరేవాళ్ల చెరువక్కా. కాపలాకి ఉంటున్నాను" అన్నాడు.

నాకు తెలియదు ఆ సంగతి. ఎవరూ చెప్పలేదు. ఎంతిస్తున్నారు అని అడిగాను, చెప్పాడు, తక్కువే. మేత ఎన్నింటికి వేస్తారు, రాత్రి చలిగా ఉంటుందా, పట్టుబడి ఎప్పుడు, ఇవే అడిగాను. డబ్బు మాట నేనెత్తలేదు, వాడే ఎత్తబోయాడు, నేను అమ్మ మోకాళ్ల నొప్పుల సంగతి అడిగి మాట మార్చాను. ఇంకా ఆ మాట వినే శక్తి నాకు రాలేదు, అది కూడా నిజమే చెప్పాలి. పుస్తకం చింపలేదు, పెట్టెలోనే ఉంది.

ఆ తర్వాతి శుక్రవారం పళ్లెం వచ్చినప్పుడు తీసుకున్నాను. చిన్న ముక్క, వేళ్ల మధ్య మెత్తగా ఉంది. పక్కన ఆ పెద్దామె ఈసారి కూడా ఏమీ అనలేదు. ఇంటికి వచ్చేసరికి ఆ పిల్ల మూకుడు మీద మూత పెట్టి, "అక్కా, ఉప్పు చూడవా, నాకు సరిగా తెలియట్లేదు" అంది. ఉపవాసాలు అయిపోయాయి కదే, నువ్వే చూసుకోవచ్చు కదా అన్నాను. అలవాటైపోయింది అంది.