సముద్రం ఎటు పోయింది?

తెల్లారగట్ల వ్యాన్ పక్క తలుపు జరిపి చూస్తే ఎదురుగా సముద్రం లేదు! రాత్రి పడుకునేటప్పుడు గట్టు కింద రాళ్లను కొడుతున్న నీళ్లు, ఇప్పుడు ఎక్కడో దూరాన వెండి గీతలా ఉన్నాయి. మధ్యలో అంతా తడి ఇసుక, దాని మీద పిట్టల అడుగులు.

పోటుకీ పాటుకీ మధ్య సుమారు 6 గంటల 12 నిమిషాలని చదివాను. కానీ రెండింటినీ ఒకే కిటికీలోంచి చూడటం వేరు. దుప్పటి కప్పుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

నిన్న మెయిన్ రోడ్డు వదిలి, ఒక్క బండి మాత్రమే పట్టే దారిలోకి తిరిగినప్పుడు ఎంత టెన్షన్ పడ్డానో. ఎదురుగా ట్రాక్టర్. వంద మీటర్లు రివర్స్ చేయాల్సి వచ్చింది. అద్దాలకు కొమ్మలు గీసుకుంటున్నాయి, లోపల అల్మారాలో గిన్నెలు గలగలమంటున్నాయి. ట్రాక్టర్ నడిపే ఆయన దాటుతూ చెయ్యెత్తి నవ్వాడు. హైవే మీద ఎవరి ముఖమైనా కనిపిస్తుందా అసలు?

ఆ దారి చివరే ఈ చోటు.

ట్యాంకులో నీళ్లు సగానికి తగ్గాయి, బ్యాటరీ కూడా ఛార్జ్ చేసుకోవాలి. పొద్దున్నే బయల్దేరాలి నిజానికి. "నీళ్లు మళ్లీ గట్టు దాకా వచ్చాక వెళ్దాం అక్కా" అంటోంది చెల్లి.

తాళాలు తీసి లోపల పెట్టేశాను.