ఎస్‌హెచ్‌పీ2: గడియ తియ్యకుండా కొలిస్తే సున్నానే

ఫాస్ఫటేజ్ అంటే ఫాస్ఫేట్ ఊడదీసి సిగ్నల్ ఆపేదని ఎంఎస్సీ జవాబు పత్రాల్లో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఎస్‌హెచ్‌పీ2 అనే ఫాస్ఫటేజ్ ఎంజైము దగ్గర ఆ లెక్క తప్పుతుంది. కణితి కణంలో ఇది రాస్-ఈఆర్‌కే దారిని (కణాన్ని పెరగమని చెప్పే సిగ్నల్ వరుసను) ఆపదు, ముందుకు తోస్తుంది. కణితిపై దాడి చేసే రోగనిరోధక టీ కణంలో మాత్రం, దాడికి బ్రేకు వేసే పీడీ-1 గ్రాహకం తోకకు అతుక్కుని, ముఖ్యంగా దాడికి ఊతమిచ్చే సీడీ28 గ్రాహకం మీది ఫాస్ఫేట్లు తీసి దాడిని చల్లారుస్తుంది. దీన్ని అడ్డుకుంటే ఒకే దెబ్బకు రెండు పిట్టలని చాలామంది రాస్తారు. నాకంత నమ్మకం లేదు. టీ కణంలో ఎస్‌హెచ్‌పీ2 లేకున్నా పీడీ-1 పని ఆగదు, దాయాది ఎస్‌హెచ్‌పీ1 అందుకుంటుంది.

ఎంజైము ముందువైపు రెండు ఎస్‌హెచ్2 భాగాలు (ఫాస్ఫేట్ తగిలిన టైరోసిన్‌ను, అంటే ఫాస్ఫోటైరోసిన్‌ను, పట్టుకునేవి), వాటి వెనక ఫాస్ఫేట్ తీసే భాగం. ఊరికే ఉన్నప్పుడు మొదటి ఎస్‌హెచ్2, ఫాస్ఫేట్ తీసే పని చేసే 459వ అమైనో ఆమ్లం సిస్టీన్ ఉన్న గుంతకు అడ్డం పడి ఉంటుంది. లోపల్నుంచి గడియ పెట్టినట్టే. రెండు ఫాస్ఫోటైరోసిన్లున్న పెప్టైడ్ తగిలితే గడియ ఊడుతుంది. పిల్లల్లో వచ్చే జేఎంఎంఎల్ రక్త క్యాన్సర్‌లో కనిపించే ఈ76కే మార్పు (76వ అమైనో ఆమ్లం మారిపోవడం) గడియనే వదులు చేస్తుంది.

ల్యాబ్‌లో తిప్పలు ఇక్కడే. పూర్తి ప్రొటీన్ తీసుకుని పెప్టైడ్ వెయ్యకుండా డిఫ్‌మప్ (ఫాస్ఫేట్ ఊడితే వెలిగే రసాయనం) కలిపితే వెలుగు దాదాపు రాదు. ఎంజైము చచ్చిందని పారెయ్యకండి. 0.5 నానోమోలార్ ఎంజైముకు 0.5 మైక్రోమోలార్ పెప్టైడ్, పీహెచ్ 7.2, సిస్టీన్‌ను ఆక్సీకరణ నుంచి కాపాడే డీటీటీ 5 మిల్లీమోలార్. ముందు పెప్టైడ్‌తో అరగంట ఉంచి, తర్వాతే డిఫ్‌మప్ వెయ్యాలి. డీటీటీ ఏ రోజుది ఆ రోజే కలపాలి, లేకుంటే సిస్టీన్ ఆక్సీకరణ చెంది చేతులెత్తేస్తుంది. ప్రొటోకాల్‌లో 'గది ఉష్ణోగ్రత' అంటే 25 డిగ్రీలు. మే నెలలో హన్మకొండ గది అది కాదు, ఏసీ లేకుంటే వాటర్‌బాత్ పెట్టుకోండి. బఫర్‌గా పీబీఎస్ (ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణం) వద్దు, అందులోని ఫాస్ఫేటే ఎంజైముకు అడ్డు.

ఎస్‌హెచ్‌పీ2ను అడ్డుకునే మందు ఎస్‌హెచ్‌పీ099 పరీక్షిస్తున్నారా? అది మూడు భాగాలు కలిసే సందులో కూర్చుని గడియను బిగిస్తుంది. అందుకే ఫాస్ఫేట్ తీసే భాగం ఒక్కదాన్నే తీసుకుంటే మందు పనిచెయ్యదు, ఈ76కే మీద బాగా బలహీనపడుతుంది. ఎంత మోతాదు పెంచినా ఒంటరి భాగం లొంగకపోతే ప్రయోగం సరిగా నడుస్తున్నట్టు. లొంగిందంటే మందు ఇంకెక్కడో తగులుతోంది.