లాగుడు 27 అంగుళాలు

విస్కాన్సిన్‌లో ఫాక్స్ నది ఒడ్డున ఉన్న ఒక కాగితపు మిల్లులో ఆటోమేషన్ ఇంజినీరుగా చేరిన తొలి ఏడాదే నాకొక సంగతి తెలిసివచ్చింది. ఇక్కడ సెలవుల జాబితాలో అచ్చయ్యే పండుగలు వేరు, మిల్లు నిజంగా ఖాళీ అయ్యే రోజులు వేరు. థాంక్స్‌గివింగ్‌కు ముందు వచ్చే శనివారం తుపాకీతో జింకల వేట మొదలై తొమ్మిది రోజులు సాగుతుంది. ఆ తొమ్మిది రోజులకు మనుషుల్ని సర్దడానికి మా సూపర్‌వైజర్లు ఆగస్టు నుంచే తంటాలు పడతారు. మన వైపు సంక్రాంతికి ఊరెళ్లేవాణ్ణి ఆపడం ఎంత కష్టమో, ఇక్కడ ఆ వారం వేటకు వెళ్లేవాణ్ణి ఆపడం అంత కష్టం. మూడేళ్లపాటు ఆ వారం ఓవర్‌టైము అంతా నాకే దక్కింది.

నాలుగో ఏడాది మా షిఫ్టులోని మెకానిక్, నాకన్నా ఇరవై ఏళ్లు పెద్దాయన, "ఈసారైనా వస్తావా?" అని అడిగితే, తుపాకీ వద్దు, విల్లయితే వస్తానన్నాను. హెచ్-1బి వంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది; వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉన్నప్పటికీ, గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి వరుసలో నిలబడినవాడు తన కాగితాల్లోకి ఆ మాటే రాకుండా చూసుకోవడం మేలని నాకు తోచింది. విల్లు ఆ చట్టం లెక్కలోకి రాదు. పైగా విల్లు వేట సెప్టెంబరు మధ్యలో మొదలై జనవరి మొదటి రోజుల దాకా ఉంటుంది కాబట్టి, షిఫ్టులు మారే మా బోటివాళ్లకు ఏదో ఒక సెలవు రోజు కలిసివస్తుంది. ఈ రాష్ట్రంలో విల్లంబులకు విడిగా ఒక సీజను పెట్టడం 1934లోనే, సాక్, కొలంబియా కౌంటీల్లో మొదలైందని వేట భద్రతా శిక్షణలో చెప్పారు. 1973 తరువాత పుట్టినవాణ్ణి కనుక ఆ శిక్షణ నాకు తప్పలేదు. పరీక్షలో నా పక్క కుర్చీలో కూర్చున్న పన్నెండేళ్ల పిల్ల నాకన్నా ముందే కాగితం ఇచ్చి వెళ్లిపోయింది.

విల్లు కొనడానికి మొదట వెళ్లింది హైవే పక్కనున్న ఒక పెద్ద క్రీడాసామగ్రి దుకాణానికి. అక్కడి కుర్రాడు నన్ను ఎగాదిగా కూడా చూడకుండా, గోడకున్న విల్లు ఒకటి తీసి చేతికిచ్చాడు. అది 70 పౌండ్ల బరువుకు (తాడు లాగడానికి కావలసిన బలం), 29 అంగుళాల లాగుడుకు (తాడును వెనక్కి లాగే పొడవు) అమర్చి ఉందని నాకు తరువాత తెలిసింది. పక్కన ఇద్దరు ముగ్గురు చూస్తున్నారన్న బింకంతో, విల్లును ఆకాశం వైపు ఎత్తి, పళ్లు బిగపట్టి, ఎలాగో వెనక్కి లాగాను. విడిచిన క్షణంలో అల్లెతాడు ఎడమ ముంజేతి లోపలి వైపు చెళ్లున కొట్టింది. వారం రోజులపాటు ఆ కమిలిన మచ్చ కనిపించకుండా చొక్కా చేతులు దించుకుని తిరిగాను, కానీ మెకానిక్ కళ్లు కప్పలేకపోయాను. "ఎన్ని అంగుళాలు?" అన్నాడాయన. నాకు ప్రశ్నే అర్థం కాలేదు.

ఆ శనివారం ఆయనే నన్ను ఊరి చివర ఒక చిన్న ధనుస్సుల కొట్టుకు తీసుకువెళ్లాడు. ముందు గదిలో వర్క్‌బెంచి, విల్లును నొక్కి పట్టి తాడు మార్చే ప్రెస్సు. వెనుక 20 గజాల పొడవున గురి చూసే చోటు. యజమాని విల్లు చూపించకముందే నా రెండు చేతులూ బారచాపించి, ఈ మధ్యవేలి కొస నుంచి ఆ మధ్యవేలి కొస దాకా టేపుతో కొలిచాడు. అరవై ఏడున్నర అంగుళాలు వచ్చింది. దాన్ని రెండున్నరతో భాగిస్తే 27. నా లాగుడు పొడవు అదే. నేను బడిపిల్లవాడిగా ఉన్నప్పుడు మా నాన్నగారు నల్లమల అంచున దోర్నాలలో పంతులు. అక్కడొక చెంచు తాత, వెదురు విల్లు కావాలని మారాం చేసిన నన్ను దగ్గరికి పిలిచి, నా చేతిని తన చేతి పక్కన ఆనించి చూసుకుని, తన మనవడి విల్లు తెచ్చి ఇచ్చాడు. ఆయన దగ్గర టేపు లేదన్న మాటే గానీ, పని అదే.

మామూలు విల్లును ఎంత లాగితే అంత బరువెక్కుతుంది. పూర్తిగా లాగి పట్టుకున్నప్పుడే చేతుల మీద భారం ఎక్కువ. కాంపౌండ్ విల్లు దీన్ని తలకిందులు చేస్తుంది. మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ 1966లో పేటెంటుకు దరఖాస్తు చేసి 1969లో దక్కించుకున్న ఊహ ఇది: విల్లు రెండు కొసలా గుండ్రంగా లేని చక్రాలు, అంటే క్యామ్‌లు, ఉంటాయి, అవి తిరిగే కొద్దీ బరువు ముందు పెరిగి, తరువాత ఒక్కసారిగా జారిపోతుంది. ఇప్పటి విల్లుల్లో ఎనభై నుంచి తొంభై శాతం దాకా బరువు అలా తగ్గుతుంది. ఎనభై ఐదు శాతం తగ్గే 55 పౌండ్ల విల్లును పూర్తిగా లాగాక వేళ్ల మీద నిలిచేది ఎనిమిది పౌండ్ల పైచిలుకే. అందుకే జింక అటు తిరిగేదాకా వేటగాడు ఎక్కుపెట్టి ఆగగలుగుతాడు.

నాకు తెలిసిన కాంపౌండ్ విల్లు ఒక్కటే, 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ చేతిలో టీవీలో చూసినది. అలాంటి పొడవాటి విల్లే కావాలని అడిగితే, అది పోటీలకు బాగుంటుంది గానీ చెట్టు మీద కూర్చుంటే కొమ్మలకు తగులుతుందని యజమాని నవ్వి, పై చక్రం ఇరుసు నుంచి కింది చక్రం ఇరుసుకు 30, 31, 33 అంగుళాలున్న మూడు వేట విల్లులు బల్ల మీద పరిచాడు. మూడింటినీ 27 అంగుళాలకు, 55 పౌండ్లకు అమర్చి, ఏది ఎంత ధరో చెప్పకుండా చేతికిచ్చాడు.

మొదటిది వేగానికి పెట్టింది పేరట. లాగుతుంటే బరువు నిట్టనిలువు మెట్టులా ఎదురై, చివర్లో దభాలున పడిపోయింది. పట్టు కాస్త సడలితే తాడు మళ్లీ ముందుకు గుంజుకుపోతోంది. రెండోది నునుపుగా వచ్చింది గానీ చివర ఆగాల్సిన చోట స్పష్టంగా ఆగకుండా స్పంజిలా లోపలికి దిగుతూనే ఉంది. మూడోది, 33 అంగుళాలది, చేతికి కొంచెం బరువే. అయితే లాగుడు చివర గోడకు ఆనినట్టు గట్టిగా ఆగింది, విడిచాక చేతిలో అదురు లేదు. పది బాణాలు వేశాక నా చెయ్యి తనంతట తానే దాని వైపు వెళ్లింది. ధర అడిగితే, మూడింటిలోనూ అదే చవక. మొదటిది వెయ్యి డాలర్లు దాటినది.

డబ్బా మీద రాసే వేగం గురించి కూడా ఆ రోజే జ్ఞానోదయమైంది. సెకనుకు 335 అడుగులని అచ్చు వేసి ఉంది. ఆ లెక్క 70 పౌండ్లకు, 30 అంగుళాలకు, 350 గ్రెయిన్లు తూగే తేలికపాటి బాణానికి. నా కొలతలతో, 400 గ్రెయిన్ల బాణంతో వేగం కొలిచే యంత్రం చూపించింది 248. ముఖం చిన్నబుచ్చుకున్న నాతో యజమాని, ఈ రాష్ట్రంలో జింక వేటకు చట్టం అడిగే కనీస బరువు 30 పౌండ్లేనని, ఇరవై గజాల్లో జింకకు ఈ వేగం చాలినదానికన్నా ఎక్కువని చెప్పాడు.

ఆ తరువాతి పని మాత్రం నా సొంత వృత్తిలోకి వచ్చింది. బాణం తిన్నగా వెళుతోందా లేదా అని చూడడానికి చట్రానికి కాగితం బిగించి, రెండు గజాల దూరం నుంచి దాని గుండా కొడతారు. ములికి చేసిన చిల్లు, ఈకలు చేసిన చీలికలు ఒకేచోట ఉంటే సరి, ఈకల చీలిక పక్కకు సాగితే బాణం వంకరగా పోతున్నట్టు. మెకానిక్ తన ట్రక్కులోంచి మా మిల్లు కాగితమే తీసుకొచ్చాడు. చీలిక ఎడమకు అంగుళం సాగింది. కాగితం యంత్రం మీద సాగిన దిశలో తేలికగా చిరుగుతుందని మా ఇద్దరికీ తెలుసు కనుక, తప్పు విల్లుదా, మన కాగితానిదా అని వాదించుకుని, చివరికి కాగితాన్ని అడ్డంగా తిప్పి బిగించి చూశాం. మళ్లీ ఎడమకే. యజమాని బాణం ఆనే రెస్టును సూది మొనంత జరిపాడు, ఆ తరువాత నా పిడికిలి సడలించమన్నాడు. రెండోదానితోనే ఎక్కువ తేడా వచ్చింది. ఏడో బాణానికి గుండ్రటి చిల్లు, దాని చుట్టూ మూడు ఈకల గీతలు.

డబ్బు కట్టేముందు ఆయన చేయించిన పరీక్ష ఇంకొకటి ఉంది. నవంబరులో తొడిగే మందపు కోటు నాకు తొడిగి, కుర్చీలో కూర్చోబెట్టి, విల్లును పైకెత్తకుండా గురి వైపే నిలిపి, చప్పుడు లేకుండా తిన్నగా వెనక్కి లాగమన్నాడు. 55 పౌండ్లు రాలేదు. కూర్చున్న చోట కాళ్ల బలం కలిసిరాదు, చలిలో కండరాలు బిగుసుకుంటాయి. నిలబడి షాపులో లాగినది లెక్కలోకి రాదన్నాడు. రెండు చివర్లా మరలు కొంచెం కొంచెం వదులు చేసి 50కి తెచ్చాక, మోచెయ్యి వెనక్కి వచ్చింది. పెద్ద దుకాణంలో 70 పౌండ్లతో కుస్తీ పట్టినవాడినే నేను, ఆ 50ని రసీదు మీద రాయించుకుని బయటికి వచ్చాను. బరువు మారింది కనుక కాగితం పరీక్ష మళ్లీ చేశాం, అది వేరే మాట.

అక్టోబరు చివరి వారంలో ఒక సాయంత్రం, నడుముకు పట్టీ బిగించుకుని చెట్టు మీద పన్నెండు అడుగుల ఎత్తున కూర్చున్నాను. చీకటి పడడానికి అరగంట ముందు తెల్లతోక ఆడజింక ఒకటి ఓక్ చెట్ల కింద కాయలు ఏరుకుంటూ వచ్చింది. అది తల దించినప్పుడు విల్లు లాగాను, దానికి వినబడలేదు. దాదాపు నిమిషం సేపు పట్టుకుని ఉన్నాను, చెయ్యి వణకలేదు. కానీ నేను ముందే కొలిచి పెట్టుకున్న బండరాయికి అది అవతల ఉంది. ఆ రాయి 25 గజాలు. అంతకు మించి నా బాణాలు ఇంకా ఒకచోట పడడం లేదు. అది కదిలి పొదల్లోకి వెళ్లాక తాడును నెమ్మదిగా ముందుకు వదిలి, బాణాన్ని పొదిలో పెట్టుకున్నాను.

సోమవారం షిఫ్టులో మెకానిక్ జింక దొరికిందా అని అడగలేదు. "తాడు దింపేటప్పుడు ఏమైనా చప్పుడైందా?" అని అడిగాడు.