చెర్రీ లేన్ అవతల మా గడ్డి బడి

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో చదివిన తెలుగువాళ్ళలో ఎక్కువమంది ఇంజనీరింగ్ వాళ్ళే. ఆ రోజుల గురించి కదిపితే ల్యాబు, వారాంతపు వంటలు, మంచులో బస్సు కోసం ఎదురుచూపులు చెబుతారు. చెర్రీ లేన్ రోడ్డు అవతలి విశ్వవిద్యాలయం గోల్ఫ్ మైదానం ఊసు ఎవరూ ఎత్తరు. అది డబ్బున్నవాళ్ళ వ్యవహారమన్న మాట మనవాళ్ళలో అంతగా పాతుకుపోయింది. బాపట్ల వ్యవసాయ కళాశాల నుంచి ఆగ్రానమీ, అంటే పంటల సాగు శాస్త్రం చదవడానికి వెళ్ళిన నాకు మాత్రం 1990ల చివర్లో ఆ మైదానమే అసలు తరగతి గది. మన పర్డ్యూ తెలుగువాళ్ళ పునస్సమ్మేళన సంచికలో దానికీ చోటు దక్కాలని ఇది రాస్తున్నాను.

అది క్లబ్ కాదు. సభ్యత్వం అక్కర్లేదు, ఒకరి సిఫారసు అక్కర్లేదు. నేల విశ్వవిద్యాలయానిది, ఫీజు కట్టి ఎవరైనా ఆడుకోవచ్చు. పనిలోంచి నేరుగా వచ్చిన మెకానిక్కు, రిటైరైన టీచరు, డీన్ గారు ఒకే వరసలో తమ వంతు కోసం నిలబడేవారు. పర్డ్యూ పుట్టుకలోనే ఆ గుణం ఉంది. 1862 నాటి మోరిల్ చట్టం కింద, రైతుల పిల్లలకీ కార్మికుల పిల్లలకీ పనికొచ్చే చదువు చెప్పాలని 1869లో పెట్టిన విశ్వవిద్యాలయం అది. మనకీ ఆ నమూనా కొత్తదేం కాదు. 1964లో రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది ఆ పద్ధతిలోనే. కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ ఆచార్యులు వచ్చి దానికి తోడ్పడ్డారు. బోధన, పరిశోధన, ఆ విద్యను రైతుల దాకా చేర్చే విస్తరణ మూడూ ఒక్కచోటే జరగాలన్న సూత్రాన్ని నేను బాపట్లలో పుస్తకంలో చదివాను. పర్డ్యూ గోల్ఫ్ మైదానంలో కళ్ళారా చూశాను.

అక్కడ పద్దెనిమిది గుంతల కోర్సులు రెండున్నాయి. పాతది సౌత్ కోర్సు. ఇండియానాకే చెందిన బిల్ డిడెల్ రూపకల్పనలో 1934లో మొదలైంది. 1961లో జాతీయ కాలేజీ ఛాంపియన్‌షిప్ అక్కడే జరిగింది. జట్టు టైటిల్ సొంత గడ్డ మీద పర్డ్యూ గెలుచుకుంది. వ్యక్తిగత టైటిల్ ఒహాయో స్టేట్ కుర్రాడొకడు పట్టుకుపోయాడు. అతని పేరు జాక్ నిక్లాస్. మరుసటి ఏడాదే యూఎస్ ఓపెన్ గెలిచి, ఈ ఆటలో పెద్దవాళ్ళందరినీ మించిపోయాడు. ఆ కోర్సుకి తర్వాత ఆకర్‌మన్ హిల్స్ అని పేరు మార్చారు.

ఆట చరిత్ర ఇంత చాలు. నా మనసంతా గడ్డి మీదే ఉండేది. డబ్ల్యు.హెచ్. డేనియల్ అనే ఆచార్యుడు పర్డ్యూలో దశాబ్దాలపాటు గడ్డిశాస్త్రం చెప్పాడు. మైదానాన్ని ఆనుకుని ఉన్న పరిశోధన కేంద్రానికి ఆయన పేరే పెట్టారు. ఇసుక అడుగున ప్లాస్టిక్ పరిచి, నీటిని పట్టి ఉంచి, వేళ్ళకి కావలసినంతే అందేలా ఆయన ఒక పద్ధతి కనిపెట్టాడు. ఆ ఆలోచనే ముందుకు సాగి ఫుట్‌బాల్ మైదానాల దాకా వెళ్ళింది. గ్రీన్, అంటే బంతి పడే గుంత చుట్టూ నున్నగా కోసిన గడ్డి, దాని కింద ఏముంటుందో చాలామందికి తెలియదు. మామూలుగా అడుగున మురుగు గొట్టాలు, వాటి మీద నాలుగు అంగుళాల కంకర, ఆపైన పన్నెండు అంగుళాల ఇసుక పొర ఉంటాయి. సన్నటి ఇసుకలోంచి లావు కంకరలోకి నీరు వెంటనే దిగదు. ఇసుక నిండేదాకా ఆగి, ఆ తర్వాతే జారుతుంది. కాబట్టి వానొస్తే గ్రీన్ మీద నీళ్ళు నిలవవు, ఎండ కాస్తే తేమ చప్పున పోదు. నల్లరేగడి మడిలో పెరిగిన నాకు ఇది మంత్రంలా తోచింది.

పొద్దున్నే మా మొదటి పని కప్పు మార్చడం. కప్పు అంటే బంతి పడే గుంత, వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. రోజూ ఒకేచోట ఉంటే చుట్టూ తొక్కిడికి గడ్డి చచ్చిపోతుంది. అందుకని కోత గొట్టాన్ని కొత్తచోట నిటారుగా దించి, తిప్పి, మట్టి దిమ్మను గడ్డితో సహా పైకి లాగాలి. ఆ దిమ్మను పాత గుంతలో పెట్టి, చుట్టూ గడ్డితో సమం చేసి, అతుకు మీద కాసిని నీళ్ళు పోయాలి. కాస్త పైకున్నా యంత్రం కోసేస్తుంది. కాస్త లోపలికున్నా బంతి దారి తప్పుతుంది. గ్రీన్ మీది బెంట్ అనే రకం గడ్డిని మూడు మిల్లీమీటర్ల ఎత్తుకి కోసేవాళ్ళం. తర్వాత సన్నటి పొడవాటి బద్దతో మంచు దులిపేవాళ్ళం. ఆకు మీద తడి ఎంతసేపు ఉంటే డాలర్ స్పాట్ తెగులుకి అంత అనువు.

తెగుళ్ళ తరగతిలో ఒకరోజు రై గడ్డి ఆకు నమూనా ఇచ్చారు. గ్రే లీఫ్ స్పాట్ అన్నారు. ఆ రోజుల్లో అమెరికాలో చాలాచోట్ల ఫెయిర్‌వేలను (గ్రీన్ దాకా సాగే గడ్డి దారులను) తుడిచిపెట్టిన తెగులు అది. మైక్రోస్కోపులో కన్ను పెట్టగానే బేరిపండు ఆకారంలో మూడు గదుల సిద్ధబీజాలు (శిలీంధ్రానికి విత్తనాల్లాంటివి) కనిపించాయి. వాటి బొమ్మ నేను బాపట్ల ల్యాబు రికార్డులో వేసిందే! మన వరి అగ్గితెగులు శిలీంధ్రం జాతే అది. నూలుకండె మచ్చలు, మెడవిరుపు, నత్రజని ఎక్కువేసిన మడిలో దాని విజృంభణ, బాపట్లలోనే పుట్టిన మన సాంబ మసూరికి దాని బెడద, అన్నీ గబగబా చెప్పేశాను. ప్రొఫెసరు గారు నన్ను ముందుకు పిలిచి, వరి గురించి క్లాసుకి వివరించమన్నారు. మాట వినడమే తప్ప చెప్పడం అలవాటు లేని నాకు ఆ దేశంలో మొదటిసారి గొంతు పెగిలింది ఆ గదిలోనే.

నేనున్నప్పుడే పాత నార్త్ కోర్సును తవ్వి కొత్తగా కట్టారు. రూపకర్త పీట్ డై. ఫ్లోరిడాలోని సాగ్రాస్‌లో నీళ్ళ మధ్య గ్రీన్ పెట్టిన మనిషి. ఆ గ్రీన్ ఆలోచన ఆయన భార్య ఆలిస్‌ది. ఆమె మంచి క్రీడాకారిణి, డిజైనర్ కూడా. ఇండియానాలో బీమా పాలసీలు అమ్మిన పీట్ డై కాగితం మీద గీయడం కన్నా నేల మీద నడిచి నిర్ణయించడాన్ని ఇష్టపడేవాడు. పర్డ్యూ గడ్డిశాస్త్రం విద్యార్థులు ఆ నిర్మాణంలో చేతులు పెట్టి పనిచేశారు. ఎంత పుస్తకం చదివినా రాని విద్య అది. వాలు ఎటుంది, నీరెటు పోతుంది, ఇసుకలో ఒండు ఎంత కలిస్తే గండం అన్నవి బూట్లకి బురద అంటితేనే తెలుస్తాయి. 1998లో అది కాంపెన్ కోర్సుగా తెరుచుకుంది. 7,400 గజాలకి పైచిలుకు పొడవు, విశాలమైన ఇసుక మేటలు, నడుంఎత్తు అడవిగడ్డి.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది దాని నీటి ఏర్పాటు. పక్కనే సెలరీ బాగ్ అనే చిత్తడినేల ఉంది. ఒకప్పుడు నీళ్ళు తోడేసి అక్కడ సెలరీ పండించేవారు, ఇప్పుడు కొంగలు, బాతులు వాలే రక్షిత ప్రాంతం. గోల్ఫ్ మైదానమంటే మందులు, ఎరువులు కొట్టుకుపోయి చుట్టుపక్కల చెరువులన్నీ పాడవుతాయన్న భయం ఉండేది. న్యాయమైన భయమే. అందుకే కాంపెన్‌లో కావాలని చిత్తడి గుంటలు కట్టారు. ఊరివైపు రోడ్లు, పార్కింగు స్థలాలు, ఇళ్ళ మీద పడ్డ వాననీరు కూడా వాటిలోంచే సాగాలి. నీరు లోపలికొచ్చేచోట, బయటికెళ్ళేచోట నమూనాలు తీసి పరీక్షించారు. వాన మొదలైతే ల్యాబులో వాళ్ళు భోజనం వదిలేసి సీసాలు పట్టుకుని పరుగెత్తడం నేను చూశాను. 2004లో ఫలితాలు అచ్చయ్యాయి. నత్రజని, భాస్వరం వంటి చాలా అంశాల్లో, వెళ్ళే నీరు వచ్చిన నీటికన్నా మెరుగ్గా ఉందని తేలింది. ఊరి నీటిని గోల్ఫ్ మైదానం వడకట్టి పంపుతోందన్నమాట. ప్రైవేటు క్లబ్ ఏదైనా ఇలా ఏళ్ళ తరబడి తన నీటిని తానే పరీక్షించుకుని, లెక్కలు లోకం ముందు పెడుతుందా? విశ్వవిద్యాలయం చేతిలో ఉండబట్టే ఇది జరిగిందని నా గట్టి నమ్మకం. భూమి ధర చూసి ఇలాంటి మైదానాలను అమ్మేయమనేవాళ్ళకి నేను చూపించే లెక్క ఇదే.

2008లో జాతీయ కాలేజీ పోటీలు మళ్ళీ పర్డ్యూకి, ఈసారి కాంపెన్‌కి వచ్చాయి. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (యూసీఎల్ఏ) జట్టు గెలిచింది. 2010లో మన పర్డ్యూ అమ్మాయిల జట్టు జాతీయ ఛాంపియన్ అయింది. అంత చలి ప్రాంతపు బడికి అది చిన్న విషయం కాదు. పాత సౌత్ కోర్సును కూడా పీట్ డై చేతే తిరగరాయించి 2016లో ఆకర్‌మన్-అలెన్ పేరుతో తెరిచారు. ఆయన 2020 జనవరిలో 94 ఏళ్ళ వయసులో పోయాడు.

పునస్సమ్మేళనానికి పర్డ్యూ ఉన్న ఊరు వెస్ట్ లఫాయెట్ వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఆట రాదని మొహమాటపడకండి. బంతులు కొట్టి సాధన చేసుకునే చోటు ఉంది, పిల్లలకి సరదాగా ఉంటుంది. ఆడదలచుకుంటే టీ టైం, అంటే ఆట మొదలుపెట్టే వేళ, ముందే బుక్ చేసుకోండి, వేసవి శనివారాల్లో దొరకడం కష్టం. ఆడకపోతే లిండ్‌బర్గ్ రోడ్డు వైపు సెలరీ బాగ్ కాలిబాట పట్టండి. డేనియల్ కేంద్రంలో వేసవిలో గడ్డి రకాల ప్రయోగ మడులు కనిపిస్తాయి, లోపల ఉన్నవాళ్ళు అడిగితే ఓపిగ్గా చెబుతారు. మన వ్యవసాయ కళాశాలల పిల్లలెవరైనా అక్కడ చేరాలనుకుంటే నాకు కబురు చేయండి. దరఖాస్తు దగ్గర్నుంచి చలికోటు దాకా చూసుకుంటాను.