హార్ట్ ప్లాజాలో టెక్నో పండగ

మిషిగన్‌లో ఉద్యోగం చేసే మనవాళ్లలో చాలామందికి డెట్రాయిట్ అంటే విమానాశ్రయం, ఐ-75 రహదారి మీద రద్దీ, ట్రాయ్‌లోనో నోవైలోనో ఇల్లు. ఊరి నడిబొడ్డుకు వెళ్లే పని పెద్దగా పడదు. 2015 జులైలో తానా మహాసభలకు కోబో సెంటర్‌కు వెళ్లినవాళ్లు మాత్రం పక్కనే నది ఒడ్డున ఉన్న హార్ట్ ప్లాజాను చూసే ఉంటారు. కాంక్రీటు మెట్లు, నడుమ శిల్పి నొగూచి రూపకల్పన చేసిన ఫౌంటెన్. ఏటా మే చివర వచ్చే మెమోరియల్ డే సెలవుతో కలిపి మూడు రోజులు టెక్నో, అంటే ఎలక్ట్రానిక్ యంత్రాలతో కట్టే డ్యాన్స్ సంగీతపు పండగ జరిగేది అక్కడే. మనకు జీతాలిచ్చే కార్ల పరిశ్రమ నీడలోనే ఈ సంగీతం పుట్టింది. అందుకే ఇది మనం తెలుసుకోవలసిన చరిత్ర.

డెట్రాయిట్‌లో పుట్టిన రికార్డుల సంస్థ మోటౌన్ 1972లో లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది. తర్వాత కార్ల ప్లాంట్లు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఆ రోజుల్లో బెల్‌విల్ హైస్కూల్లో చదువుకున్న నల్లజాతి కుర్రాళ్లు జువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్. వాద్యబృందాన్ని పెట్టుకునే స్తోమత లేనివాళ్లకు యంత్రాలు అక్కరకొచ్చాయి. 1983లో వచ్చిన డ్రమ్ మెషీన్ (డ్రమ్ముల చప్పుళ్లు చేసే యంత్రం) రోలాండ్ టీఆర్-909 సరిగా అమ్ముడుపోక సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికేది. అందులో ఒక వరసకు 16 గడులు. 1, 5, 9, 13 గడుల్లో కిక్ (పెద్ద డ్రమ్ము దెబ్బ), 5, 13లో క్లాప్ (చప్పట్టు), 3, 7, 11, 15లో హై-హ్యాట్ (తాళాల చప్పుడు) పెడితే నడక సిద్ధం. నిమిషానికి 130 దెబ్బలు. 1988లో లండన్‌లో వెలువడిన ఒక సంకలనంతో ‘టెక్నో’ అన్న పేరు ఐరోపా అంతటా పాకింది. సొంత ఊళ్లో దానికి పెద్ద వేదిక దొరకడానికి మాత్రం ఇంకో పన్నెండేళ్లు పట్టింది.

మొదటి పండగ 2000 మే 27 నుంచి 29 వరకు జరిగింది. కళాకారుల ఎంపిక డెట్రాయిట్ టెక్నో సంగీతకారుడు కార్ల్ క్రెయిగ్‌ది. ప్రవేశం ఉచితం. 2001లో ఫోర్డ్ స్పాన్సర్‌గా వచ్చి తన కారు పేరు ‘ఫోకస్’ను పండగ పేరుకు తగిలించింది. ఆ ఏడాదే నిర్వాహకులు క్రెయిగ్‌ను తప్పించారు, అభిమానులు భగ్గుమన్నారు. 2003లో డెరిక్ మే చేతికొచ్చి ‘మూవ్‌మెంట్’ అయింది. 2005లో సాండర్సన్ ‘ఫ్యూజ్-ఇన్’ పేరుతో నడుపుతూ మొదటిసారి టికెట్ పెట్టాడు. 2006 నుంచి స్థానిక సంస్థ పాక్సహౌ నిర్వహిస్తోంది. కోవిడ్ వల్ల 2020, 2021లో ఆగి 2022లో మళ్లీ మొదలైంది.

టికెట్ పెట్టడం ద్రోహమని అప్పట్లో చాలామంది బాధపడ్డారు. ఆ బాధ నిజమైనదే, కానీ లెక్క అటువైపు లేదు. స్టేజి, సౌండ్, కరెంటు, సెక్యూరిటీ, మరుగుదొడ్ల ఖర్చంతా పండగకు ముందే పడుతుంది. ప్రవేశం ఉచితమైతే రాబడి మాత్రం స్పాన్సర్ల నుంచీ బీరు దుకాణాల నుంచీ రావాలి. ఒక్కరోజు వాన పడితే ఆ దుకాణాల రాబడి పోయినట్టే. గేటు లేకపోతే ఎంతమంది వచ్చారో ఎవరూ రుజువు చేయలేరు, రుజువు లేని జనసంఖ్యకు స్పాన్సర్ డబ్బివ్వడు.

ఇక్కడ సౌండ్ పని కష్టం. డీజేలు టర్న్‌టేబుల్ (రికార్డును తిప్పే యంత్రం) మీద పెట్టే వినైల్ రికార్డు గాడిలోని కంపనాన్ని సూది సిగ్నల్‌గా మారుస్తుంది. సబ్‌వూఫర్ల (లోతైన శబ్దాలిచ్చే పెద్ద స్పీకర్ల) అదురు బల్ల గుండా పైకి ఎక్కితే సూది దాన్ని కూడా పట్టుకుంటుంది. అది మళ్లీ స్పీకర్లలోకి, అక్కణ్నుంచి మళ్లీ సూదిలోకి వెళ్లి నిమిషంలో ఆగని హోరవుతుంది. విరుగుడు బరువూ మెత్తదనమూ కలిపి వాడడం: టర్న్‌టేబుల్ కింద సుమారు 20 కిలోల కాంక్రీటు పలక, దాని కింద రబ్బరు దిమ్మలు. మోటారు ఆపి, సూదిని రికార్డు మీద ఉంచి, వాల్యూమ్ మెల్లగా పెంచుతూ బల్లను వేలితో తట్టాలి. తట్టిన చప్పుడు వెంటనే చావకపోతే పలకను మళ్లీ సర్దాలి. సూది మీద బరువు మూడు నాలుగు గ్రాములే కాబట్టి నదివైపు నుంచి గాలి కొడితే ఎగిరిపోతుంది, అటువైపు అడ్డు కట్టాలి. వెనక జనానికి పెట్టే స్పీకర్లు స్టేజికి 34 మీటర్ల దూరంలో ఉంటే వాటి ధ్వనిని 100 మిల్లీసెకన్లు ఆలస్యం చేయాలి, లేకపోతే ప్రతి కిక్ రెండుసార్లు వినిపిస్తుంది.

చెవుల విషయం తేలిగ్గా తీసుకోకండి. 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు భరించవచ్చు. ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది కాబట్టి 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. ఫోమ్ ఇయర్‌ప్లగ్‌ను సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి పెట్టుకుని, అది ఉబ్బేదాకా వేలితో అదిమి ఉంచాలి.

వీసా మీద ఉన్నవాళ్లకు ఇంకొన్ని జాగ్రత్తలున్నాయి. మిషిగన్‌లో గంజాయి 2018 నుంచి చట్టబద్ధం. ఫెడరల్ చట్టంలో ఇప్పటికీ నేరమే, వీసా అధికారి చూసేది ఫెడరల్ చట్టాన్నే. ఎవరైనా ఇస్తే తీసుకోకండి. హెచ్-1బీ, ఎఫ్-1 వాళ్లు స్టేజి దగ్గర డబ్బు తీసుకుని పని చేయకూడదు. మామూలుగా జీతమిచ్చే పనిని ఉచితంగా చేసినా చిక్కే. అన్నిటికన్నా ఎక్కువగా గాభరా పెట్టేది సొరంగం. విండ్సర్‌కు, అంటే కెనడాకు వెళ్లే టన్నెల్ దారి ప్లాజా దగ్గరే, జెఫర్సన్ అవెన్యూ మీద ఉంది. ఒక్క లేన్ తప్పితే వెనక్కి తిరగడం కష్టం. పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికా ప్రవేశ పత్రం), ఐ-797 (ఆమోదపత్రం) వెంట ఉంచుకోండి. పొరపాటున దూరితే మొదట కనిపించిన అధికారికే దారి తప్పామని చెప్పండి. అంతకన్నా, కారును కాస్త ఉత్తరాన వుడ్‌వర్డ్ అవెన్యూ వైపు పెట్టి ప్లాజాకు నడిచి రావడం మేలు. రాత్రికి నది గాలి చల్లబడుతుంది, జాకెట్ మర్చిపోకండి.