సిస్టమ్‌లో గడువు తీరిపోయిన బ్యాటరీ: నా అనుభవం

మా కారు రోజూ తిరిగే బండి కాదు. రాజోలు పరిసరాల్లో ఉండే మాకు బడికి, బజారుకు స్కూటరు సరిపోతుంది. అమ్మను వైద్య పరీక్షల కోసం రాజమహేంద్రవరం తీసుకెళ్లడానికి, పెళ్లిళ్లకు, పాలకొల్లు, భీమవరం పనులకు మాత్రమే కారు బయటకు తీస్తాము. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. బ్యాటరీ పాడైన తరువాత నన్ను అడిగిన ప్రశ్నల్లో సగం దీని చుట్టూనే తిరిగాయి.

ఆ బ్యాటరీని రాజమహేంద్రవరంలోని ఒక దుకాణంలో కొన్నాను. వారంటీ 24 నెలలు, ఆపైన మరో 24 నెలలు. మొదటి 24 నెలల్లో తయారీ లోపం బయటపడితే ఉచితంగా మార్చి ఇస్తారు. తరువాతి 24 నెలల్లో అయితే కొత్తదాని ధరలో కొంత శాతం తగ్గిస్తారు, మిగిలినది మనమే కట్టుకోవాలి. అంటే ఆ రెండు గడువుల మధ్య గీత ఎక్కడ పడుతుందన్న దాన్ని బట్టి కొనుగోలుదారు జేబుకు వేలల్లో తేడా వస్తుంది. పాత బ్యాటరీని బదులిచ్చినందుకు తగ్గింపు పోను మిగిలినది చెల్లించి, జీఎస్టీ బిల్లు తీసుకున్నాను. బ్యాటరీ మీద అచ్చు వేసిన సీరియల్ నంబరు బిల్లులోనూ, ముద్ర వేసిన వారంటీ కార్డులోనూ ఉందో లేదో అక్కడే సరిచూసుకున్నాను. చేతిరాత చీటీ ఇచ్చి పంపే దుకాణాలు మన దగ్గర ఇప్పటికీ తక్కువేమీ కాదు.

ఉచిత గడువు ఇంకా ముగియకముందే ఒక ఉదయం సెల్ఫ్ కొట్టడం మానేసింది. తాళం తిప్పితే టిక్కు టిక్కుమనడమే తప్ప ఇంజను కదలలేదు. మా ఊరి ఆటో ఎలక్ట్రీషియన్ వచ్చి మీటరు పెట్టి చూస్తే 10.6 వోల్టులు చూపించింది. నిండుగా ఛార్జి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. వేరే బండి నుంచి జంపింగ్ ఇచ్చి ఇంజను నడిపించి మళ్లీ చూశాడు. 14 వోల్టులకు కాస్త పైన వచ్చింది. మెకానిక్కులు డైనమో అనే ఆల్టర్నేటర్ సరిగానే ఛార్జి చేస్తోందని దాని అర్థం. బ్యాటరీలో ఆరు సెల్‌లు ఉంటాయి, ఒక్కొక్కటి సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. ఒక సెల్ పూర్తిగా పడిపోతే మిగిలేది దాదాపు పదిన్నర వోల్టులే. ఈ లెక్క అతనికి నోటికి వచ్చు. అయినా మూతలు మాత్రం విప్పలేదు.

"నేను ముట్టుకున్నానంటే క్లెయిమ్ పోద్దండి. షాపోళ్లే విప్పాలి. మీరు కూడా నీళ్లు గట్రా పోయకండి మాస్టారూ" అన్నాడు. ఆ తరువాత నాకు దొరికిన సలహాలన్నిటిలోనూ అంత పనికొచ్చింది మరొకటి లేదు.

ఆ కంపెనీ అధీకృత డీలరు ఎవరి దగ్గరైనా క్లెయిమ్ చేయవచ్చని వారంటీ కార్డు మీద అచ్చువేసి ఉంది. మాకు చించినాడ వంతెన దాటితే పాలకొల్లు దగ్గర, రాజమహేంద్రవరం దూరం. అందువల్ల పాలకొల్లులోని డీలరు వద్దకే వెళ్లాను. ఆయన కార్డు తిరగేసి చూసి, "ఎక్కడ కొన్నారో అక్కడికే తీసుకెళ్తే పని తొందరగా అవుద్దండి" అన్నారు. కార్డులోని ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించాక ఇక కాదనలేదు. తాను అమ్మని సరుకుకు చాకిరీ చేయాలంటే ఏ వ్యాపారికైనా కష్టంగానే ఉంటుంది కాబట్టి, ఆ మాటకు నేను ఆయనను తప్పు పట్టను.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న, బ్యాటరీని చెరువు మీద లైట్లకు వాడామా అని. రొయ్యల చెరువుల ప్రాంతంలో అది వింత ప్రశ్న కాదు. తుఫాను వచ్చి కరెంటు పోయినప్పుడు కారు బ్యాటరీని విప్పి ఇన్వర్టరుకు కట్టేవారు కూడా ఉన్నారు. అలా వాడితే వారంటీ వర్తించదు. తరువాత టెర్మినళ్ల మీద పేరుకున్న నీలి ఆకుపచ్చ పొడిని గోటితో గీరి చూశారు. ఉప్పు గాలీ తేమా ఉన్న మా వైపు అది త్వరగా పడుతుందనీ, దానివల్ల క్లెయిమ్‌కు అడ్డం లేదనీ ఆయనే అన్నారు. ఆ తరువాత బండి ఎన్నాళ్లకొకసారి తీస్తారని అడిగారు. వాడకం లేక ఛార్జి దిగిపోయిన బ్యాటరీని లోపం ఉన్న బ్యాటరీగా లెక్కించరు. ఛార్జి చేసి తిరిగి ఇచ్చేస్తారు. అందుకే ముందు పూర్తిగా ఛార్జి పెట్టి, ఆపైన పరీక్షించాలన్నది వారి పద్ధతి. అందుకు ఒప్పుకున్నాను. పరీక్ష నా ఎదుటే జరగాలని మాత్రం అడిగాను. వాడుకోవడానికి వేరే బ్యాటరీ ఒకటి రోజువారీ అద్దెకు బిగించి పంపారు.

ఆ పరీక్ష వారంటీ ఉన్న ప్రతివారూ దగ్గరుండి చూడదగినది. కుర్రవాడు ఆరు మూతలూ విప్పి వరుసగా పెట్టి, గాజు గొట్టంలాంటి హైడ్రోమీటరుతో ఒక్కో సెల్ నుంచి ఆసిడ్ పైకి లాగాడు. లోపలి తేలుడు బుడ్డి ఆసిడ్ చిక్కగా ఉంటే పైకి తేలుతుంది, పలచబడితే మునుగుతుంది. ఐదు సెల్‌లలో గ్రావిటీ, అంటే ఆసిడ్ చిక్కదనాన్ని చెప్పే అంకె, 1.250 అటూ ఇటూగా నిలిచింది. నెగటివ్ టెర్మినల్ పక్క సెల్‌లో మాత్రం తేలుడు బుడ్డి అడుగుకు జారి 1.130 దగ్గర ఆగిపోయింది. లాగిన ఆసిడ్ కూడా మసిపట్టినట్టు బూడిద రంగులో ఉంది. బ్యాటరీ మీద భారం మోపి చూసే లోడ్ టెస్టరు పెట్టగానే, కనీసం 9.6 దగ్గరైనా నిలవాల్సిన వోల్టేజి దానికంటే బాగా కిందికి పడిపోయింది. వాడకం లేకపోవడమే కారణమైతే ఆరు సెల్‌లూ ఇంచుమించు ఒకేలా దిగజారాలి కాని, ఒక్కటే ఇలా పోదు. ఈ మాట నేను అనకముందే డీలరే అన్నారు.

ఇక క్లెయిమ్ నమోదు చేయడమే మిగిలిందనుకుంటుండగా అసలు చిక్కు వచ్చింది. సీరియల్ నంబరు కొట్టగానే, ఉచిత గడువు ముగిసిందని కంపెనీ సైటు చూపించింది. దుకాణదారుడు అమ్మిన రోజే నంబరును, కొనుగోలుదారు వివరాలను నమోదు చేస్తే గడువు అమ్మిన తేదీ నుంచి మొదలవుతుంది. అలా నమోదు కాకపోతే ఫ్యాక్టరీ నుంచి సరుకు బయలుదేరిన తేదీ నుంచే సిస్టమ్ లెక్క వేసుకుంటుంది. బ్యాటరీ రాజమహేంద్రవరం దుకాణంలో నెలల తరబడి బీరువాలో ఉండిపోయిందన్నమాట. ఆ నెలలన్నీ నా ఖాతాలోంచి కోసేశారు.

అమ్మిన దుకాణానికి ఫోను చేస్తే, "రిజిస్ట్రేషన్ కస్టమరే చేసుకోవాలండి, మేమేం చేస్తాం" అని సమాధానం. నమోదు డీలరు బాధ్యత అని కార్డు వెనుక చిన్న అక్షరాల్లో ఉంది. ఆ భాగాన్ని ఫోటో తీసి పంపాను. జవాబు లేదు. ఆ దుకాణం గోడకు "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అనే బోర్డు ఉండడం నాకు గుర్తే. అలాంటి బోర్డు పెట్టినంత మాత్రాన చట్టం పక్కకు తప్పుకోదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపం ఉన్న వస్తువును బిల్లులో పేర్కొన్న గడువులోగా వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు ఏదీ లేకపోతే 30 రోజులు. బిల్లు ఇవ్వకపోవడం కూడా అందులోకే వస్తుంది.

పాలకొల్లు డీలరు మధ్యేమార్గంగా, తగ్గింపు ధరకు కొత్తది తీసుకోమన్నారు. నేను తీసుకోలేదు. తీసుకుని ఉంటే రెండో గడువులో ఉన్నానని నేనే సంతకం పెట్టినట్టయ్యేది. దానికి బదులు, పరీక్షలో వచ్చిన అంకెలనూ తిరస్కరణకు కారణాన్నీ జాబ్ స్లిప్ మీద రాసి ముద్ర వేయమని కోరాను. "రాసిస్తే కంపెనీవాళ్లు నన్నంటారండి" అని కాస్త వెనకాడి, చివరికి రాశారు: ఐదు సెల్‌లు బాగున్నాయి, ఒక సెల్ పోయింది, సిస్టమ్‌లో తేదీ కారణంగా తిరస్కరణ. ఆ మూడు ముక్కలూ లేకపోతే ఆ తరువాత జరిగిన సంభాషణలన్నీ గాలిమాటలే అయ్యేవి.

బిల్లు, కార్డు రెండు వైపులా, బ్యాటరీ మీది నంబరు, జాబ్ స్లిప్, వీటి ఫోటోలతో కంపెనీకి ఈమెయిల్ పంపాను. సిస్టమ్‌లో ఉన్న తేదీయే ప్రామాణికమని ఒక వాక్యంలో సమాధానం వచ్చింది. అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేశాను. తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదుకు ఒక నంబరు ఇచ్చారు. ఇది కోర్టు కాదు, తీర్పు చెప్పదు. ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు కోరుతుంది. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది. కొన్నచోటే ఫిర్యాదు చేయాలన్న నియమం ఇప్పుడు లేదు, నివాసం ఉన్నచోట చేయవచ్చు. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే రుసుమే లేదు. కంపెనీకి రాసిన రెండో ఈమెయిల్‌లో ఫిర్యాదు నంబరుతో పాటు ఈ సంగతులన్నీ పొడిగా, బెదిరింపు లేకుండా రాశాను.

ఆ తరువాత కథ వేగంగా కదిలింది. కంపెనీ సర్వీసు ఇంజనీరు ఫోను చేసి, పాలకొల్లు వచ్చి, అదే పరీక్షను మళ్లీ చేశారు. అవే అంకెలు వచ్చాయి. బిల్లును అసలు ప్రతితో సరిచూసుకుని, అమ్మిన తేదీని సిస్టమ్‌లో సరిచేయించారు. దాంతో ఉచిత గడువు ఇంకా మిగిలే ఉన్నట్టు సైటు చూపించింది. ఉచితంగా కొత్త బ్యాటరీ బిగించారు. కొత్తదానికి మళ్లీ 24 నెలలు రావు, పాతదానికి మిగిలిన కాలమే వర్తిస్తుంది. కొత్త సీరియల్ నంబరును పాత కార్డు మీద రాయించి, సైటులో నమోదైనట్టు నా ఫోనుకు సందేశం వచ్చాకే అక్కడి నుంచి కదిలాను.

అద్దె బ్యాటరీకి కట్టిన డబ్బు తిరిగి ఇవ్వాలని కంపెనీని, అమ్మిన దుకాణాన్ని కూడా అడిగాను. అది వారంటీ పరిధిలోకి రాదని కంపెనీ రాసి పంపింది. దుకాణం ఇప్పటికీ ఫోను ఎత్తడం లేదు. ఆ సొమ్ము కోసం కమిషన్‌కు వెళ్లాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు, రెండేళ్ల గడువు ఉంది కాబట్టి జాబ్ స్లిప్, అద్దె రసీదు ఫైలులోనే ఉంచాను.