ఎంగిలి నీళ్ళు

"ఒరేయ్, ఇటు రా! ఎంగిలి నీళ్ళురా అవి!"

అమ్మ అరుపుకి చుట్టుపక్కలవాళ్ళంతా తిరిగి చూశారు. మావాడు వింటేగా!

షికాగో, మిలీనియం పార్కులో క్రౌన్ ఫౌంటెన్. 50 అడుగుల గాజు ఇటుకల టవర్లు రెండు. ఒకదాని మీద వీడియోలో ఓ పెద్దావిడ మొహం. మెల్లగా కళ్ళార్పుతోంది. కాసేపటికి పెదాలు సున్నాలా చుట్టింది. అంతే, నోట్లోంచి ధార! కింద కాచుక్కూచున్న పిల్లకాయలంతా ఒకటే కేకలు.

ఆ మొహాలన్నీ ఈ ఊరివాళ్ళవే, ఓ వెయ్యి మందివి. 2004లో తెరిచారు. అప్పుడు నోరు సున్నా చుట్టిన పిల్లలకి ఇప్పుడు పిల్లలుండి ఉంటారు కదా అనుకున్నా.

"పైపు నీళ్ళేనమ్మా అవి."

"తెలుసులేవే, నాకామాత్రం తెలీదా" అంది, మొహం చిట్లించుకునే.

నాకు మాత్రం ఆ ధార కన్నా కింద నల్లరాయి నచ్చింది. పాదం కూడా మునగదు, పల్చగా పరుచుకున్న నీళ్ళు. టికెట్టు లేదు, గేటు లేదు. చిన్నప్పుడు మా పార్కులో ఫౌంటెన్ చుట్టూ ఇనప కంచె, "నీటిలో దిగరాదు" అని బోర్డు ఉండేవి. నీళ్ళే ఉండేవి కావు.

ఫోటో తీసి వెనక్కి తిరిగితే బెంచీ మీద అమ్మ లేదు. కుచ్చిళ్ళు ఓ చేత్తో ఎత్తిపట్టుకుని, చెప్పులు ఇంకో చేత్తో పట్టుకుని, రెండో టవర్ కింద నిలబడి ఉంది.

తువ్వాలు ఒక్కటే తెచ్చాను.